లద్దాఖ్ దారికి ఫోర్‌వీల్ డ్రైవ్ బండి: యాక్సెసరీల కంటే ముందు చూసుకోవాల్సినవి

సంక్షిప్తంగా: మనాలి–లేహ్ లాంటి మారుమూల దారుల్లో బండిని కష్టపెట్టేవి ముఖ్యంగా మూడు. ఎత్తుకు వెళ్లేకొద్దీ పలుచబడే గాలి, పరిమితి దాటిన బరువు, ఇంటి దగ్గర వాయిదా వేసిన చిన్న రిపేర్లు. ఫోర్‌వీల్ డ్రైవ్ చక్రాలకు పట్టు ఇస్తుంది కానీ బ్రేకులకు, టైర్లకు, కూలెంట్‌కు దానితో సంబంధం లేదు. యాక్సెసరీల దుకాణంలో పెట్టే ఖర్చు కంటే, బయల్దేరడానికి నెల ముందు చేయించే సర్వీసింగ్, వేబ్రిడ్జి మీద తూకం ఎక్కువ పనికొస్తాయి.

మంచు తీసి మనాలి–లేహ్ రోడ్డు తెరిచిన దగ్గర్నుంచి చలికాలంలో మళ్లీ మూసేదాకా తెలుగు రాష్ట్రాల నంబరు ప్లేట్లున్న బండ్లు ఆ దారిలో తిరుగుతూనే ఉంటాయి. ఆదిలాబాద్, హైదరాబాద్, కర్నూలు, అనంతపురం మీదుగా పోయే ఎన్‌హెచ్ 44 పట్టుకుంటే ఉత్తరాదికి దారి సూటిగా ఉంటుంది. హైదరాబాద్ నుంచి ఢిల్లీ, మనాలి మీదుగా లేహ్‌కు సుమారు 2,500 కి.మీ. 2020 అక్టోబరులో కొత్త థార్, 2023 జూన్‌లో జిమ్నీ మార్కెట్లోకి వచ్చాక ఫోర్‌వీల్ డ్రైవ్ బండి మధ్యతరగతి ఇళ్ల ముందుకూ చేరింది. అదే 2020 అక్టోబరు 3న 9 కి.మీ. పొడవైన అటల్ టన్నెల్ ప్రారంభమైంది. రోహ్‌తాంగ్ కనుమ ఎక్కాల్సిన పని తప్పింది.

వీటి వెంటే సలహాలూ పెరిగాయి. స్నార్కెల్ (ఇంజిన్‌కు గాలిని పైనుంచి అందించే గొట్టం) పెట్టించాలని ఒకరు, వించ్ (ఇరుక్కున్న బండిని తాడు చుట్టి లాగే యంత్రం) లేకుండా వెళ్లొద్దని ఇంకొకరు, పెద్ద టైర్లు తప్పనిసరని మరొకరు చెబుతారు. ఏది అవసరమో తేల్చుకోవాలంటే ఆ దారిలో బండికి అసలేం జరుగుతుందో తెలియాలి. అక్కణ్నుంచి మొదలుపెడితే చాలా ప్రశ్నలకు జవాబు దానంతటదే దొరుకుతుంది.

ఫోర్‌వీల్ డ్రైవ్ చేసే పని

థార్, జిమ్నీ, గూర్ఖా లాంటి బండ్లలో ఉండేది పార్ట్‌టైమ్ ఫోర్‌వీల్ డ్రైవ్. మామూలుగా వెనక చక్రాలే తిరుగుతాయి. లివర్ మారిస్తే, ఇంజిన్ బలాన్ని రెండు ఇరుసులకూ పంచే గేరుపెట్టె, అంటే ట్రాన్స్‌ఫర్ కేస్, ముందు, వెనక షాఫ్టులను కలిపి లాక్ చేస్తుంది. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరగాలి. మట్టి మీదైతే ఆ తేడాను చక్రాలు కాస్త జారి సర్దుకుంటాయి. పొడి తారు రోడ్డు మీద జారే అవకాశం ఉండదు కాబట్టి ఆ ఒత్తిడంతా గేర్ల మీద, షాఫ్టుల మీద పడుతుంది. స్టీరింగ్ బిగుసుకున్నట్టుంటుంది, లివర్ వెనక్కి రాదు. సేఫ్టీ కోసమని మంచి రోడ్డు మీద కూడా ఫోర్ హైలో (నాలుగు చక్రాలూ కలిసి మామూలు వేగంతో తిరిగే స్థానంలో) నడిపేవాళ్లు తెలియకుండానే ట్రాన్స్‌ఫర్ కేస్‌ను అరగదీస్తుంటారు.

అదే లివర్‌తో వేసే లో రేంజ్ వేరే పని చేస్తుంది. ఇంజిన్ నుంచి వచ్చే వేగాన్ని మరింత తగ్గించి, చక్రాల దగ్గర టార్క్‌ను (తిప్పే బలాన్ని) రెట్టింపుకు పైగా పెంచుతుంది. లద్దాఖ్ దారిలో దాని ఉపయోగం బురదలో ఇరుక్కున్నప్పుడు ఒక్కటే కాదు. నిట్టనిలువు మట్టి దిగుడులో లో రేంజ్ మొదటి గేరు వేసి బ్రేకు దాదాపు తొక్కకుండా దిగొచ్చు.

నాలుగు చక్రాలూ తిరగడం వల్ల బండి కదలడం తేలికవుతుంది కానీ ఆగే దూరం ఏమాత్రం తగ్గదు. టూవీల్ డ్రైవ్ కారుకూ దీనికీ బ్రేకులు ఒకటే. పైగా ఇది బరువైన, ఎత్తయిన బండి. మంచు మీద సులువుగా ముందుకు వెళ్లగలిగిన బండి మలుపు దగ్గర ఆగలేకపోవడానికి కారణం ఇదే.

ఎత్తు పెరిగితే ఇంజిన్‌కు, బ్రేకుకు ఏమవుతుంది

ఈ దారిలోని బారాలాచా లా (లా అంటే కనుమ) సుమారు 4,890 మీటర్లు, తంగ్‌లాంగ్ లా 5,328 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. లేహ్ దాటి వెళ్లే ఖర్దూంగ్ లా 5,359 మీటర్లు. ఉమ్లింగ్ లా రోడ్డు 5,798 మీటర్ల దాకా ఎక్కుతుంది. 5,300 మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్ర మట్టంలో ఉన్నదానికి దాదాపు సగమే ఉంటుంది. మనుషులకు ఊపిరాడకపోవడం గురించి అందరూ మాట్లాడతారు. బండి కూడా ఆ గాలి మీదే ఆధారపడి ఉందన్న సంగతి అంతగా చర్చకు రాదు.

టర్బో లేని పెట్రోల్ ఇంజిన్ మీద దెబ్బ నేరుగా పడుతుంది. జిమ్నీలోని 1.5 లీటర్ల ఇంజిన్ శక్తి కింద సుమారు 105 పీఎస్. తంగ్‌లాంగ్ లా దగ్గర అందులో సుమారు 40 శాతం మాయమవుతుంది. హెయిర్‌పిన్ మలుపులో రెండో గేరులో బండి లాగకపోతే అది పాడైనట్టు కాదు. మొదటి గేరుకో, రోడ్డు మట్టిదైతే లో రేంజ్‌కో మారాలి. టర్బో ఉన్న ఇంజిన్ పలుచని గాలిని నొక్కి లోపలికి పంపుతుంది కాబట్టి నష్టం తక్కువ. కాకపోతే ఆర్‌పీఎం పెరిగి టర్బో అందుకునేదాకా అది కూడా నీరసంగానే ఉంటుంది. మలుపు మధ్యలో ఆర్‌పీఎం పడిపోనిస్తే, క్లచ్ సగం తొక్కి లాగించాల్సి వస్తుంది. నిండా సామానుతో అలా పదేపదే చేస్తే క్లచ్ ప్లేటు కాలుతుంది.

బ్రేకు సంగతి ఇంతకంటే ముఖ్యం. పెడల్ మీద కాలు వేసే బలాన్ని పెంచేది వాక్యూమ్ బూస్టర్. దాని లోపల ఒక పొర ఉంటుంది. ఒక వైపు వాక్యూమ్, మరో వైపు బయటి గాలి ఉండగా, ఆ రెండిటి పీడనాల తేడాయే పొరను తోస్తుంది. బయటి గాలి పీడనం సగమైతే ఆ తోపు కూడా దాదాపు సగానికి తగ్గుతుంది. కనుమ మీద నుంచి దిగుతున్నప్పుడు పెడల్ గట్టిగా అనిపించడానికి తరచుగా ఇదే కారణం. బ్రేకులు పోలేదు, కాలికి అందే సాయం తగ్గింది. కాబట్టి దిగేటప్పుడు తక్కువ గేరులో ఇంజిన్ బ్రేకింగ్ మీద ఎక్కువ ఆధారపడాలి. శ్రీశైలం, అరకు ఘాట్లలో ఎక్కిన గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు చెప్పే మాట ఇక్కడ మరింత అవసరం.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోవచ్చు. పొడవైన దిగుడులో కాలిపర్లు వేడెక్కితే ఆ తేమ ఆవిరై పైపుల్లో బుడగలు కడుతుంది. పెడల్ మెత్తగా కిందికి జారిపోతుంది. సముద్రతీరంలోని విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి చోట్ల వానాకాలాలు గడిపిన బండికి ఆయిల్ మార్చి రెండేళ్లు దాటితే, ప్రయాణానికి ముందు మార్పించడం తప్పనిసరి అనుకోవాలి. ఖర్చు స్వల్పం.

కూలెంట్‌ది మన ప్రాంతానికి ప్రత్యేకమైన సమస్య. ఇక్కడ నీళ్లు గడ్డకట్టే చలి ఉండదు కాబట్టి రేడియేటర్‌లో స్థాయి తగ్గితే మామూలు నీళ్లు పోసే అలవాటు ఉంది. అలా పోస్తూపోతే, గడ్డకట్టకుండా కాపాడే గ్లైకాల్ పాలు తగ్గిపోతుంది. సగం సగం కలిపిన కూలెంట్ దాదాపు మైనస్ 35 డిగ్రీల దాకా గడ్డకట్టదు. నీళ్లే ఎక్కువైతే దారిలో రాత్రి ఆగే సర్చూలో ఒక్క రాత్రి చలికే గడ్డకట్టే ప్రమాదం ఉంది. గడ్డకట్టిన నీరు వ్యాకోచించి రేడియేటర్‌ను, కొన్నిసార్లు ఇంజిన్ బ్లాక్‌నే పగలగొడుతుంది.

రేడియేటర్ మూత కూడా చిన్న వస్తువే. 5,000 మీటర్ల దగ్గర తెరిచి ఉంచిన గిన్నెలో నీళ్లు 83 డిగ్రీలకే మరుగుతాయి. ఇంజిన్ మామూలుగా పనిచేసేది 90 డిగ్రీల చుట్టుపక్కల. మూత లోపల ఒత్తిడి నిలిపి ఉంచడం వల్లే కూలెంట్ మరగకుండా ఉంటుంది. మూత రబ్బరు గట్టిపడి ఒత్తిడి వదిలేస్తుంటే హైదరాబాద్‌లో ఏ ఇబ్బందీ కనపడకపోవచ్చు. అదే బండి బారాలాచా ఎక్కేటప్పుడు పొంగిపోతుంది.

బరువు లెక్క

బండిని సిద్ధం చేయడంలో అందరూ దాటేసే అంశం ఇదే. నిజానికి మొదట చూడాల్సింది కూడా ఇదే. ప్రతి బండికీ కంపెనీ నిర్ణయించిన గరిష్ఠ మొత్తం బరువు ఉంటుంది. అందులో బండి సొంత బరువు తీసేస్తే మిగిలేదే మనుషులు, సామాను, తర్వాత బిగించే పరికరాలు అన్నిటికీ వాటా.

జిమ్నీ గరిష్ఠ బరువు 1,545 కిలోలు. బండి బరువు వేరియంట్‌ను బట్టి దాదాపు 1,200 కిలోలు. మిగిలేది సుమారు 340. సగటున 70 కిలోలుండే నలుగురు ఎక్కితే 280 అయిపోయాయి. ఇక 60 కిలోలే మిగిలాయి. 20 లీటర్ల పెట్రోల్ డబ్బాతో కలిపి 18 కిలోలు, 20 లీటర్ల తాగునీళ్లు 20 కిలోలు. నాలుగు బ్యాగులు, చలి బట్టలు, కంప్రెసర్, పనిముట్లు ఇంకా పెట్టనే లేదు, లెక్క మాత్రం అయిపోయింది. ఇప్పుడు దీనిపైన ఉక్కు బంపరు, వించ్, టాప్ క్యారియర్, దాని మీద టెంట్ పెడితే ఏమవుతుందో ఊహించవచ్చు. ఒక్క రూఫ్‌టాప్ టెంటే తరచుగా 50 కిలోలకు పైన ఉంటుంది.

బరువు మించిన ప్రభావం వెంటనే కనపడదు, అదే దీనితో చిక్కు. బండి నడుస్తుంది. కాకపోతే గతుకుల్లో షాక్ అబ్జార్బర్లు తరగని పని చేస్తూ వేడెక్కుతాయి, లోపలి ఆయిల్ నురగ కడుతుంది, అదుపు తగ్గుతుంది. స్ప్రింగులు పూర్తిగా నలిగి బంప్ స్టాపులకు కొట్టుకుంటాయి. వీల్ బేరింగులు, బుష్‌లు త్వరగా పోతాయి. టైరు పక్కగోడ ఎక్కువగా వంగి వేడెక్కుతుంది, రాయి తగిలితే సులువుగా చీలుతుంది. బ్రేకింగ్ దూరం పెరుగుతుంది. బరువు పైకప్పు మీద ఉంటే గురుత్వ కేంద్రం పైకి పోయి వాలులో బండి పక్కకు తూగుతుంది. కంపెనీలు పైకప్పు పరిమితిని మాన్యువల్‌లో విడిగా ఇస్తాయి. కదిలే బండికి అది చాలామంది అనుకునేదానికంటే బాగా తక్కువ.

దీనికి పరిష్కారం ఎవరికైనా అందుబాటులో ఉంది. లారీలు తూచే వేబ్రిడ్జి ప్రతి పట్టణం శివార్లలో ఉంటుంది. హైదరాబాద్‌లో దాన్నే ధర్మకాటా అంటారు. ప్రయాణానికి సర్దినట్టే సర్ది, ట్యాంకు నింపి, అందరూ కూర్చుని ఒకసారి తూయించాలి. తర్వాత వెనక చక్రాలను మాత్రమే కాటా మీద ఉంచి మళ్లీ తూయిస్తే వెనక ఇరుసు మీద ఎంత పడుతోందో తెలుస్తుంది. ఆ రెండు అంకెలు చూశాక ఏది దింపేయాలో ఎవరూ చెప్పక్కర్లేదు. నలుగురితో జిమ్నీలో వెళ్లాలనుకునేవాళ్లు హోటళ్లు, హోమ్‌స్టేలు నమ్ముకుని టెంట్ వదిలేయడం, లేదా ఇద్దరిద్దరుగా రెండు బండ్లలో వెళ్లడం మేలు. రెండో బండి తోడుంటే, ఒకటి ఇరుక్కున్నప్పుడు లాగే ఏర్పాటు కూడా దానితోనే వచ్చినట్టు.

టైర్లు, గాలి

తారు రోడ్డు కోసం చేసిన హైవే టైరు, అన్ని నేలల మీదా నడిచే ఆల్ టెరైన్, లోతు గాళ్లున్న మడ్ టెరైన్ అని మూడు రకాలు. ఈ ప్రయాణంలో తొంభై శాతానికి పైగా తారు రోడ్డే కాబట్టి మడ్ టెరైన్ వల్ల శబ్దం, ఇంధన ఖర్చు పెరుగుతాయి, తడి తారు మీద పట్టు తగ్గుతుంది. ఆల్ టెరైన్ సరిపోతుంది. దాని అసలు లాభం దళసరి పక్కగోడ. రాళ్ల దారిలో టైర్లు పోయేది ఎక్కువగా పక్కగోడ చీలే. ట్రెడ్‌లో మేకు దిగితే పంక్చర్ కిట్‌తో పది నిమిషాల్లో పూడ్చుకోవచ్చు. పక్కగోడ చీలితే స్టెప్నీ తప్ప గతి లేదు. ఆ స్టెప్నీ మిగతా నాలుగింటి సైజులోనే ఉండాలి. వేరే సైజు చక్రం వేసి ఫోర్‌వీల్ డ్రైవ్ వాడితే డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలో ఉండి రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె) దెబ్బతింటుంది.

టైరు వయసు పక్కగోడ మీదే ఉంటుంది. డాట్ అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు చూడాలి. 2321 అని ఉంటే 2021వ సంవత్సరం 23వ వారంలో తయారైనది. ఐదారేళ్లు దాటితే గాళ్లు బాగున్నా రబ్బరు గట్టిపడి ఉంటుంది. ఏళ్ల తరబడి వెనక తలుపుకు ఎండలో వేలాడిన స్టెప్నీ విషయంలో ఈ అంకెలు తప్పకుండా చూడాలి.

ఎత్తుకు వెళ్తే టైర్లు ఉబ్బుతాయని, అందుకే గాలి తీసేయాలని ఒక మాట ప్రచారంలో ఉంది. అందులో సగం నిజం. హైదరాబాద్‌లో 35 డిగ్రీల ఎండలో 32 పీఎస్‌ఐ కొట్టించిన టైరును తంగ్‌లాంగ్ లాకు తీసుకెళ్తే, బయటి పీడనం తగ్గడం వల్ల గేజి సుమారు 6 పీఎస్‌ఐ ఎక్కువ చూపించాలి. కానీ అక్కడ ఉష్ణోగ్రత 5 డిగ్రీలైతే లోపలి గాలి చల్లబడి 4 పీఎస్‌ఐకి పైగా తగ్గుతుంది. మొత్తం మీద తేడా రెండుకు మించదు. రోజూ పొద్దున బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు గేజితో చూసి కంపెనీ చెప్పిన అంకెకు సరిచేసుకుంటే సరిపోతుంది.

వదులు మట్టిలో, ఇసుకలో కూరుకుపోతే మాత్రం గాలి తగ్గించడమే మొదటి మందు. 18–20 పీఎస్‌ఐకి దించితే టైరు నేల మీద పొడవుగా పరుచుకుంటుంది, బరువు ఎక్కువ చోట పంచుకుంటుంది. బయటపడ్డాక మళ్లీ నింపుకోవాలి కాబట్టి మంచి కంప్రెసర్ ఉండాలి. కొనే పరికరాల్లో నూటికి నూరు పాళ్లు పనికొచ్చేది అదే. వించ్ విషయం దీనికి భిన్నం. దాని తాడు కట్టడానికి చెట్టో, మరో బండో కావాలి. లద్దాఖ్ చలి ఎడారి, చాలాచోట్ల కనుచూపు మేర చెట్టుండదు. ఒంటరి బండికి అక్కడ ముప్ఫై నలభై కిలోల వించ్ కంటే చిన్న పార, కూరుకుపోయిన చక్రాల కింద పెట్టే రెండు ట్రాక్షన్ బోర్డులు ఎక్కువ ఉపయోగం.

ఇంకో బండితో లాగించేటప్పుడు తాడు ఎక్కడ కడుతున్నారో చూడాలి. బంపరుకు స్క్రూతో బిగించే హుక్కు చదును రోడ్డు మీద బండిని లాక్కెళ్లడానికే. కూరుకుపోయిన బండిని కుదుపుతో లాగితే అది ఊడి అద్దంలోంచి దూసుకురావచ్చు. ఛాసిస్‌కు ఉండే రికవరీ పాయింట్లనే వాడాలి. చుట్టుపక్కల ఎవరినీ నిలబడనివ్వకూడదు.

వాగుల్లో నీళ్లు

మంచు కరిగి వచ్చే వాగులు పొద్దున మడమ లోతు ఉంటే సాయంత్రానికి మోకాలు దాటుతాయి. ఎండకు మంచు కరిగి, ఆ నీరు కిందికి చేరేది మధ్యాహ్నం తర్వాతే. అందుకే స్పితి వైపు బాతల్–గ్రాంఫూ దారిలోనూ, లద్దాఖ్‌లోనూ స్థానిక డ్రైవర్లు తెల్లవారుజామునే బయల్దేరతారు. పరికరాలేవీ అక్కర్లేని జాగ్రత్త ఇది.

థార్ 650 మిల్లీమీటర్ల లోతు నీళ్లు దాటగలదని కంపెనీ చెబుతుంది. ఆ అంకె నిలకడగా ఉన్న నీటికి, నెమ్మదిగా దాటేటప్పటికి వర్తిస్తుంది. పారే నీటి ఒరవడికి, అడుగున దొర్లే బండలకు కాదు. ఎయిర్ ఇన్‌టేక్‌లోకి నీళ్లు పోతే సిలిండర్‌లో నీరు నలగదు కాబట్టి కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. స్నార్కెల్ ఆ ఒక్క ముప్పునే తప్పిస్తుంది.

ఎక్కువమందికి తెలియని నష్టం ఇరుసులో జరుగుతుంది. గంటల తరబడి నడిచి వేడెక్కిన డిఫరెన్షియల్ హౌసింగ్ ఒక్కసారిగా మంచునీళ్లలో దిగితే లోపలి గాలి కుంచించుకుని, బయటి నుంచి ఏదో ఒకటి లాక్కుంటుంది. దానికోసమే బ్రీదర్ పైపు ఉంటుంది. ఆ పైపు కొస మట్టితో మూసుకుపోయి ఉంటే ఆయిల్ సీల్ అంచుల్లోంచి నీళ్లు పీల్చుకుంటుంది. ఇంటికొచ్చాక డ్రెయిన్ ప్లగ్గు విప్పితే తేనె రంగులో రావాల్సిన ఆయిల్ పాలెక్కువైన టీలా వస్తుంది. ఆ ఆయిల్‌తోనే నెలల తరబడి తిప్పితే గేర్లు, బేరింగులు తుప్పు పట్టి అరిగిపోతాయి. వాగు ముందు అయిదు పది నిమిషాలు బండి ఆపి ఇరుసును చల్లబడనిస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. ఎలాగూ దిగి నడిచి లోతు చూసుకోవాల్సిన సమయమే అది.

ఇంధనం, చలి, బ్యాటరీ

కేలాంగ్ దగ్గర తాండీ పెట్రోల్ బంకులో, తర్వాతి బంకు 365 కి.మీ. దూరంలో ఉందని చెప్పే బోర్డు చాలా ఏళ్లుగా ప్రసిద్ధం. 57 లీటర్ల ట్యాంకున్న థార్‌కు అది పెద్ద దూరం కాదు. 40 లీటర్ల జిమ్నీ లీటరుకు 10 కి.మీ. ఇస్తే 400 దగ్గర ఆగుతుంది. కనుమల మీద మైలేజి పడిపోవడం, రోడ్డు మూసేస్తే వెనక్కి రావాల్సి రావడం లెక్క వేస్తే ఒక డబ్బా తప్పదు. పెట్రోలియం చట్టం ప్రకారం అమ్మకానికి కాని పెట్రోల్‌ను 30 లీటర్ల దాకా లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చు. లోహపు జెర్రీక్యాన్ వాడాలి, నిండా నింపకూడదు. కింద నింపిన డబ్బా పైకి వెళ్లేసరికి లోపలి ఆవిరి ఒత్తిడితో ఉబ్బుతుంది కాబట్టి మూత నెమ్మదిగా విప్పాలి.

డీజిల్‌లో చలికి మైనం గడ్డకట్టి ఫిల్టర్‌ను మూసేస్తుంది. ఈ ఇబ్బంది కోసమే ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో లద్దాఖ్‌కు మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని శీతాకాలపు డీజిల్ తెచ్చింది. జూన్–సెప్టెంబరు మధ్య వెళ్లేవాళ్లకు ఇది సమస్య కాదు. చలికాలంలో వెళ్లేవాళ్లు మాత్రం మైదానంలో నింపిన డీజిల్‌తో పైన రాత్రి గడపకూడదు. పొగలోని కాలుష్యం తగ్గించడానికి డెఫ్ ద్రవం వాడే డీజిల్ మోడళ్లలో అది మైనస్ 11 డిగ్రీలకు గడ్డకడుతుంది. ట్యాంకులో హీటర్ ఉంటుంది కానీ సీసాల్లో విడిగా తీసుకెళ్లేదానికి ఉండదు. డెఫ్ పూర్తిగా అయిపోతే ఆపిన ఇంజిన్ మళ్లీ స్టార్ట్ కాకుండా చేసే ఏర్పాటు వీటిలో ఉంటుంది కాబట్టి ముందే నింపుకోవాలి.

2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్ 6 డీజిల్ బండ్లలో మసి పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంది. అది తనను తాను శుభ్రం చేసుకోవాలంటే కాసేపు నిలకడైన వేగం కావాలి. ట్రాఫిక్‌లోనో, గంటకు 15 కి.మీ. వేగంతో మట్టిరోడ్డులోనో రోజుల తరబడి తిరిగితే మసి పేరుకుని హెచ్చరిక లైటు వెలుగుతుంది. కనుమ మీద ఆ లైటు చూసి టెన్షన్ పడేవాళ్లు ఎక్కువ. మంచి రోడ్డు దొరికినప్పుడు మాన్యువల్‌లో చెప్పినట్టు ఆపకుండా నడపడమే మందు.

బ్యాటరీ చలికి చాలా బలం కోల్పోతుంది, ఇంజిన్ ఆయిల్ చిక్కబడి సెల్ఫ్‌కు ఎక్కువ బలం కావాల్సివస్తుంది. నాలుగేళ్లు దాటిన బ్యాటరీని ఇంటి దగ్గరే లోడ్ టెస్ట్ చేయించి, అనుమానముంటే మార్చేయాలి.

ఆస్ట్రేలియా నమూనా ఎందుకు అతకదు

మార్కెట్లో దొరికే చాలా పరికరాల ఆలోచన ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. అక్కడి కానింగ్ స్టాక్ రూట్ సుమారు 1,850 కి.మీ. పొడవు, దారిలో వందల ఇసుక దిబ్బలు. రోజుల తరబడి మనిషి కనపడడు. పెద్ద ట్యాంకు, రెండో బ్యాటరీ, ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు అక్కడి దూరాలకు అవసరమే. కంగారూలు అడ్డం వస్తాయి కాబట్టి ఉక్కు బంపరూ అవసరమే. మరో ముఖ్యమైన సంగతి, అక్కడ సస్పెన్షన్ మార్చి, గరిష్ఠ బరువు పరిమితిని చట్టబద్ధంగా పెంచి ధ్రువీకరించే పద్ధతి ఉంది. పరికరాల బరువు ఆ లెక్కలోకి వస్తుంది.

మన దగ్గర సొంత కారుకు అలాంటి దారి లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మార్పులను పరిమితం చేస్తుంది. తయారీదారు ఇచ్చిన ప్రాథమిక వివరాలకు భిన్నంగా బండిని మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. క్రాష్ గార్డులు, బుల్ బార్లు ఆ సెక్షన్‌కు విరుద్ధమని కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. అవి ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ల పనిని కూడా దెబ్బతీయగలవు. బీమా క్లెయిమ్ సమయంలో ఈ మార్పులన్నీ చర్చకు వస్తాయి.

విదేశాల నుంచి వచ్చి బంధువులతో కలిసి వెళ్లే తెలుగువాళ్లు ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. అక్కడ మామూలుగా అమ్మే శాటిలైట్ ఫోన్లు, శాటిలైట్ ద్వారా సందేశాలు పంపే పరికరాలు ఇక్కడ అనుమతి లేకుండా వాడటం నేరం. లద్దాఖ్‌లో బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఒకటి ఉండాలి. ఆ రాత్రి ఎక్కడికి చేరాలనుకుంటున్నారో ఇంట్లోవాళ్లకు ముందే చెప్పడం మంచిది.

సర్వీసింగ్ ఎప్పుడు, ఏ వరసలో

బయల్దేరే ముందు రోజు సర్వీస్ సెంటర్ నుంచి బండి తెచ్చుకోవడం చాలామంది చేసే పని. అది ప్రమాదకరం. సరిగా బిగించని క్లిప్పు, లోపమున్న కొత్త విడిభాగం, మెలిపడిన సీల్ లాంటివి మొదటి కొన్ని వందల కిలోమీటర్లలోనే బయటపడతాయి. అవి ఊళ్లో బయటపడాలి, లేహ్ దారిలో పాంగ్ దాటాక కాదు. కనీసం మూడు నాలుగు వారాల ముందు పని చేయించి, తర్వాత ఒక ఘాట్ రోడ్డు మీద నిండు లోడ్‌తో తిప్పి చూడాలి. బెల్టులు, హోస్ పైపులు, బ్రేక్ ప్యాడ్లు, క్లచ్, వీల్ బేరింగులు, ప్రొపెల్లర్ షాఫ్టు జాయింట్ల గ్రీజు, ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయిల్, రెండు డిఫరెన్షియళ్ల ఆయిల్ చూడమని విడిగా అడగాలి. మామూలు సర్వీసులో చివరి మూడూ ప్రతిసారీ చేర్చరు. ఏడాదిగా ముట్టుకోని ఫోర్‌వీల్ లివర్‌ను మట్టి నేల మీద వేసి, తీసి, లో రేంజ్ పడుతోందో లేదో చూడాలి. తీసేసిన పాత బెల్టు, పాత హోస్ పనికొచ్చే స్థితిలో ఉంటే పారేయకుండా డిక్కీలో పెట్టుకోవడం మంచిది. ఆ మోడల్‌కు సరిపోయే స్పేర్ దారిలో దొరకకపోవచ్చు.

దారిలో రోజూ పొద్దున పది నిమిషాలు చాలు. రాత్రి బండి నిలిపిన చోట నేల మీద మరకలున్నాయేమో చూడటం, ఆయిల్, కూలెంట్ స్థాయిలు, టైర్ల పక్కగోడలు, వీల్ నట్లు, క్యారియర్ బోల్టులు చూడటం. ముందురోజు సాయంత్రం ఆగగానే ప్రతి చక్రం మధ్యభాగాన్ని తాకకుండా చెయ్యి దగ్గరగా పెట్టి చూస్తే, మిగతా మూడింటి కంటే బాగా వేడిగా ఉన్నదాంట్లో బేరింగో, పట్టేసిన బ్రేకో ఉన్నట్టు. దుమ్ము దారిలో రెండు మూడు రోజులకోసారి ఎయిర్ ఫిల్టర్ తీసి చూడాలి.

తిరిగొచ్చాక మొదటి వారంలోనే కింది భాగం ప్రెషర్ వాటర్‌తో కడిగించి, రెండు డిఫరెన్షియళ్ల ప్లగ్గులు విప్పి ఆయిల్ రంగు చూడాలి. ఎయిర్ ఫిల్టర్ మార్చి, వీల్ అలైన్‌మెంట్ చేయించి, షాక్ అబ్జార్బర్ల మీద ఆయిల్ తడి ఉందేమో చూడాలి. టైర్లను లోపలి వైపు నుంచి కూడా పరీక్షించాలి. బయటివైపు బాగానే కనిపించే టైరుకు లోపలి గోడ మీద రాతి కోత ఉండొచ్చు, అది వేసవిలో హైవే వేగం మీద పగులుతుంది.